పాత కంప్యూటర్‌ను వేలంలో పెడితే మొదటి ధర ఎంత ఉండాలి?

ఏడో తరం ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌ను ఈబే వెబ్‌సైట్‌లో వేలానికి పెడుతున్నానని, కొన్న ధరలో సగం నుంచి పాట మొదలుపెట్టవచ్చా అని అడిగారు. కొన్న ధరను మరిచిపోండి. మీరెంత పోశారన్నది కొనేవారికి అనవసరం.

ఇలాంటి సరుకు నేను చాలాకాలంగా అమ్ముతున్నాను. ముందు చూసేది అమ్ముడుపోయినవాటి జాబితానే. అమ్మకానికి ఉన్నవాటి మీద కనిపించే అంకెలు అమ్మేవాళ్ల ఆశలు, అంతే. ఆ జాబితాలోనూ 'పనిచేయదు, విడిభాగాలకు' అని రాసినవాటిని తీసేసి లెక్క చూసుకోండి.

అసలు కిటుకు వేరే ఉంది. ఈబే వేలంలో గెలిచినవారు తాము పెట్టిన గరిష్ఠ మొత్తమంతా చెల్లించరు. రెండో పాటదారు ఆగిన చోటు నుంచి ఒక మెట్టు పైన ధర ఖరారవుతుంది. అంటే మీ వస్తువు ధరను తేల్చేది ఓడిపోయిన మనిషి! 1060 లాంటి కార్డు కోసం చాలామంది వెతుకుతారు కాబట్టి తక్కువకు మొదలుపెట్టినా పాట దానంతటదే పైకి పోతుంది. అదే ఐఎస్ఏ స్లాట్‌లో (పాతకాలపు కంప్యూటర్లలో కార్డులు గుచ్చే చోటు) పెట్టే, యంత్రాలను నడిపే పాత కంట్రోలర్ కార్డు అనుకోండి. ఏదో ఫ్యాక్టరీలో యంత్రం ఆగిపోయినవారికి అది ప్రాణావసరం, ఎంతైనా ఇస్తారు. కానీ ఆ వారం పాటలో ఆయన ఒక్కరే ఉంటే, మీ మొదటి ధరకే పట్టుకుపోతారు. అలాంటివాటిని నేను వేలానికి పెట్టను. స్థిరమైన ధర రాసి, నెలలు పట్టినా ఆగుతాను.

మీ డెస్క్‌టాప్ విషయానికొస్తే, విడదీసి అమ్మడమే మేలు. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఎనిమిదో తరం నుంచే ఉన్నాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ ప్రాసెసర్ పేరు చూడగానే మొత్తం పెట్టెకు ధర తగ్గించి కడతారు. ర్యామ్‌కు, కార్డుకు ఆ దోషం అంటదు. పైగా ఇనుప క్యాబినెట్ పార్శిల్ ఖర్చు లాభాన్ని మింగేస్తుంది. చాలాచోట్ల ఈబే కమీషన్‌ను ఆ పార్శిల్ ఖర్చు కూడా కలిపిన మొత్తం మీదే లెక్కగడుతుంది, అది వేరే బాధ.

కార్డుకు పాత ధరలు పట్టుకోకండి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ, ఇలాంటి కార్డులతో చేసే మైనింగ్‌ను (కొత్త నాణేలు పుట్టించే లెక్కల పనిని) వదిలేశాక వాడిన కార్డులు సంతలోకి వరదలా వచ్చాయి. అంతకుముందు రేట్లు ఇప్పుడు ఎందుకూ పనికిరావు.

మదర్‌బోర్డును మాత్రం జాగ్రత్తగా ఫొటో తీయండి. దీపం పక్క నుంచి పడేలా పెట్టి, ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో పిన్నుల వరుసలు స్పష్టంగా కనిపించేంత దగ్గరగా తీయాలి. ఒక్క పిన్ను వంగితే ఆ వరుసలో మెరుపు తెగినట్టు కనిపిస్తుంది. అనుభవమున్నవారు ముందు అదే చూస్తారు. ఆ ఫొటో లేని బోర్డుకు, వంగిందేమోనన్న అనుమానంతోనే పాట పాడతారు. ఫొటో అయ్యాక సాకెట్ మీద ప్లాస్టిక్ మూత పెట్టి ప్యాక్ చేయండి.