ఎండల్లో పరుగు మానాలా?

ప్రశ్న: మేం నలుగురం దోస్తులం. డిసెంబరులో హాఫ్ మారథాన్ కోసం వడ్డేపల్లి చెరువు కట్ట మీద పరుగెత్తుతున్నాం. చలికాలంలో కిలోమీటరు ఆరు నిమిషాల్లో అయ్యేది, మే వచ్చేసరికి ఏడు దాటుతోంది. ఎండలు తగ్గేదాకా మానేయమంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మానకు తమ్ముడూ, వాచీ మాత్రం ఇంట్లో పెట్టి పో. ఎండకు రక్తంలో కొంత ఒంటిని చల్లబరచడానికి చర్మం వైపు మళ్లుతుంది. వేగం తగ్గక ఏమైతది? రోజూ నిదానంగా పరుగెత్తితే 10 నుంచి 14 రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. చెమట తొందరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మానేస్తే కొద్ది వారాల్లోనే ఆ అలవాటు పోతుంది.

ఐదింటికే మొదలుపెట్టండి. గంట దాటితే ఒట్టి నీళ్లు చాలవు, ఉప్పేసిన పల్చటి సల్ల గానీ ఓఆర్ఎస్ గానీ తాగండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే పోయాలి, చిక్కగా కలిపితే ఎక్కువ బలమేం రాదు!

నలుగురున్నారు, మంచిదే. పందేలు మాత్రం వద్దు. ఎవరైనా తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనోని నోట్లో నీళ్లు పోయొద్దు.