రేడియో రిసీవర్‌లో ఐఎఫ్ ఫిల్టర్ ఉండగా మిక్సర్ ముందు ఇంకో ఫిల్టర్ ఎందుకు?

ఇమేజ్ ఫ్రీక్వెన్సీని, అంటే మిక్సర్‌లో మన స్టేషన్‌తో పాటు అదే ఫ్రీక్వెన్సీకి మారిపోయే అక్కర్లేని సిగ్నల్‌ని, ఆపడానికి. ఆ పని మిక్సర్ తర్వాత వచ్చే ఐఎఫ్ ఫిల్టర్ వల్ల కాదు. మిక్సర్ వచ్చిన సిగ్నల్‌ని రేడియోలోనే తయారయ్యే లోకల్ ఆసిలేటర్ సిగ్నల్‌తో కలుపుతుంది. దాన్నుంచి మనం వాడుకునేది ఆ రెండు ఫ్రీక్వెన్సీల మధ్య తేడానే; దాన్నే ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) అంటారు. సిగ్నల్ ఆసిలేటర్‌కి పైనున్నా కిందున్నా తేడా ఒకటే.

ఎఫ్ఎం రేడియోలో ఐఎఫ్ 10.7 మెగాహెర్ట్జ్ అనుకుందాం. 98.3 స్టేషన్ పెడితే ఆసిలేటర్ 109.0 మీద నడుస్తుంది. తేడా 10.7, సరిపోయింది. కానీ 119.7లో వచ్చే సిగ్నల్‌కీ తేడా సరిగ్గా 10.7 మెగాహెర్ట్జే! అది విమానాల సంభాషణలు నడిచే బ్యాండ్. ముందు ఫిల్టర్ లేకపోతే అదీ పాట మీదకొచ్చి పడుతుంది.

ఐఎఫ్ ఫిల్టర్‌ని ఇంకా పదును చేస్తే ఇమేజ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. మిక్సర్ దాటాక రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసిపోతాయి, ఇక ఏ ఫిల్టరూ విడదీయలేదు.

అలాగని ముందు ఫిల్టర్ మరీ ఇరుకుగా ఉండక్కర్లేదు. ఇమేజ్ 21.4 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంది కదా. 98.3 దగ్గరే 200 కిలోహెర్ట్జ్ వెడల్పుతో వడగట్టాలంటే క్యూ (ఫిల్టర్ పదును చెప్పే సంఖ్య; ఫ్రీక్వెన్సీని వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 490 దాకా కావాలి, మామూలు కాయిల్‌తో అది కుదరదు. 10.7 దగ్గర అదే వెడల్పుకి 54 చాలు. అందుకే స్టేషన్‌ని విడదీసే పని ఐఎఫ్‌కి వదిలేస్తారు.