రిటైరైన ఆర్మీ కుక్కని చెరువు కాపలాకి పెట్టొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి, టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆర్మీలో పనిచేసిన కుక్కని దత్తత తెచ్చుకోవాలని ఉంది. తెలిసినాయన ఒకాయన పాతికవేలిస్తే ఇప్పిస్తానంటున్నాడు. మా అబ్బాయి రొయ్యల చెరువు దగ్గర కాపలాకి ఉంచొచ్చా? ఎవర్నైనా కరిస్తే నా మీద కేసవుతుందా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ పాతికవేలు జేబులోంచి తియ్యకండి. ఈ కుక్కలకి ట్రైనింగిచ్చేది మీరట్ కంటోన్మెంట్‌లో ఉన్న రిమౌంట్ వెటర్నరీ కోర్ సెంటరు, అంటే ఆర్మీ జంతువుల్ని చూసుకునే విభాగం, అప్లికేషన్ నేరుగా వాళ్ళకే రాసుకోవాలి, మధ్యలో బ్రోకరనేవాడు లేడు. ఇప్పటికే డబ్బిచ్చేసుంటే మాత్రం అది చీటింగ్, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 318 కింద పోలీసులకి కంప్లయింటివ్వొచ్చు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు డిలీట్ చెయ్యకండి.

దత్తత అంటున్నాం గానీ 1956 దత్తత చట్టం పిల్లలకే, కుక్కకి కాదు. చట్టం లెక్కలో కుక్క ఆస్తి కిందే వస్తుంది. అలాగని కొనుక్కున్న గేదెలా అమ్ముకోవడానికో ఇంకోళ్ళకి ఇచ్చెయ్యడానికో లేదు, అది బతికున్నంతకాలం చూసుకుంటానని మీ చేత రాయించుకునే ఇస్తారు. ఒకప్పుడు పనికిరాని కుక్కల్ని చంపేసేవాళ్ళు, 2015లో విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాక పాలసీ మారింది, అందుకే ఆ కాగితాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇక చెరువు సంగతి. నాకైతే అస్సలు నచ్చలేదండి. మీ చేతికొచ్చేసరికి దానికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి, నడుం నొప్పులూ కీళ్ళ నొప్పులూ మీకూ దానికీ సమానమే. పైగా బాంబులు వెతికే కుక్క దొంగని చూసి అరవదు, పేలుడు మందు వాసన తగిలితే అక్కడే కదలకుండా కూర్చుంటుంది, అలాగే నేర్పుతారు. దీపావళికి మీ అరుగు మీద మతాబులు ఎండబెట్టిన చోట కూర్చుండిపోతే కంగారుపడకండి, పాపం డ్యూటీ చేస్తోందన్నమాట! అలాంటి దాన్ని తీసుకెళ్ళి చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల హోరులో గట్టు మీద పగలూ రాత్రీ గొలుసేసి కట్టేస్తే, తిప్పకుండా కుక్కని ఎప్పుడూ కట్టేసి ఉంచడం 1960 జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం. జరిమానా వింటే నవ్వొస్తుంది, మొదటిసారైతే 10 నుంచి 50 రూపాయలు, అప్పటి రేట్లు ఇంకా మార్చలేదు మరి.

కరవడం గురించి: కరిచింది కదాని వెంటనే జైలేమీ కాదు. ప్రమాదముందని తెలిసీ జాగ్రత్త పడకపోయినా, నిర్లక్ష్యం చేసినా బీఎన్ఎస్ 291, ఆరు నెలల దాకా జైలు గానీ 5000 దాకా జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. అది కాక దెబ్బ తగిలినవాళ్ళు నష్టపరిహారానికి సివిల్ దావా వేరే వెయ్యొచ్చు. అందుకని గేటు గడియ సరిగ్గా పడేలా చూడండి, బయటికి తీసుకెళ్తే దాని మెడకి కట్టిన తాడు మీ చేతిలోనే ఉండాలి, ఏటా రేబిస్ టీకా వేయించి ఆ కార్డు భద్రంగా దాచండి, రేపు గొడవొస్తే నేను కోర్టులో చూపించాల్సింది ఆ కార్డే.