పాత ఛార్జర్‌కి కొత్త చక్రాలు: ఏ నట్లు కొనాలి?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నా దగ్గర 1968 డాడ్జ్ ఛార్జర్ కారు ఉంది. ఇనుప చక్రాలు తీసేసి ఆ కాలం నాటి క్రేగర్ కంపెనీ మోడల్ అల్యూమినియం చక్రాలు వేద్దామని కొన్నాను. అర అంగుళం నట్లు ఏవైనా పడతాయని షాపులో అన్నారు. ఎడమ వైపు పాత నట్లయితే ఎంత బలంగా తిప్పినా ఊడట్లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ ఎడమ వైపు బలం పెట్టడం ఆపండి, స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) విరుగుతుంది. డాడ్జ్ కార్లు తయారుచేసిన క్రిస్లర్ వాళ్లు 1970 దాకా ఎడమ చక్రాలకి ఉల్టా మర పెట్టేవారు, చక్రం తిరిగేటప్పుడు నట్టు వదులవకూడదని. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి, ఊడుతుంది. ఒరిజినల్ స్టడ్ అయితే చివర ‘ఎల్’ అని ఉంటుంది. పాత ఓనరెవరైనా స్టడ్లు మార్చి ఉండొచ్చు కాబట్టి నాలుగు చక్రాలూ చూశాకే నట్లు కొనండి. ఏవీ మార్చకపోతే పది ఉల్టా మరవి, పది మామూలువి కావాలి.

ఇక షాపువాళ్ల మాట నాకస్సలు నచ్చలేదు. అర అంగుళం, అంగుళానికి 20 మరలు అన్నది స్టడ్ లెక్క మాత్రమే, నట్టు చక్రం మీద ఎలా కూర్చుంటుందన్నది అంతకన్నా ముఖ్యం. మీ ఇనుప చక్రాలవి 60 డిగ్రీల వాలు నట్లు. క్రేగర్ రకం చక్రాల్లో చాలావాటికి రంధ్రం నిటారుగా ఉంటుంది, వాటికి పొడుగు మెడ నట్టు, దాని కింద చదును వాషర్ ఉండాలి. అలాంటి రంధ్రంలో వాలు నట్టు బిగిస్తే అంచు మీదే ఆనుతుంది, అల్యూమినియం నలిగి కొన్నాళ్లకి చక్రం వదులవుతుంది. మెడ మరీ పొడుగైనా ప్రమాదమే: మెడ వెళ్లి చక్రం వెనకున్న బ్రేక్ డ్రమ్ముకి తగిలితే నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ చక్రం మాత్రం కదులుతూనే ఉంటుంది. అందుకే వాషర్‌తో కలిపి నట్టుని చక్రంలో పెట్టి, మెడ వెనక వైపు బయటికి రావట్లేదని చూసుకోండి.

నట్టు చేత్తోనే కనీసం పది చుట్లు ఎక్కాలి. అంతకన్నా తక్కువైతే పొడుగు స్టడ్లు వేయించండి. మూత నట్లయితే స్టడ్ కొస లోపల మూతకి తగలకూడదు.

మరలకి నూనె రాయొద్దు, ఎయిర్ గన్‌తో బిగించొద్దు. టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) నక్షత్రం వరసలో, చక్రం కంపెనీ చెప్పినంతే బిగించండి. అర అంగుళం స్టడ్‌కి మామూలుగా 75 నుంచి 85 ఫుట్ పౌండ్లు. 50 మైళ్లు నడిపాక చక్రాలు చల్లారనిచ్చి మళ్లీ ఒకసారి చూడండి, కొత్త అల్యూమినియం చక్రాల నట్లు కాస్త సడలుతుంటాయి.