టెక్ సందేహాలు: గ్రాఫైట్‌లో 1.42 ఎక్కడ, 2.46 ఎక్కడ?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం స్ఫటికాల నమూనాలు గీసే వెస్టా సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫైట్ గీస్తున్నాను. కార్బన్ల మధ్య దూరం 1.42 ఆంగ్‌స్ట్రామ్‌లు, పొరల మధ్య 3.35 అని పుస్తకంలో ఉంది. ‘ఎ’, ‘సి’ల దగ్గర అవే కొట్టాను. పరమాణువులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. సాఫ్ట్‌వేర్ పాడైందా సార్?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సాఫ్ట్‌వేర్ బాగానే ఉందమ్మా. మీరిచ్చిన అంకెలూ నిజమే, కాకపోతే ఆ గడులు అడిగేవి వేరు. సందు చుక్కల ముగ్గు పెట్టి, ప్రతి ఆరు చుక్కల నడుమ ఉన్న చుక్కను చెరిపేయండి. అదే గ్రాఫైట్ పొర. పక్కపక్క చుక్కల మధ్య దూరం 1.42. ఒక ఖాళీ నుంచి పక్క ఖాళీకి దూరం 2.46, అంటే 1.42ను రూట్ 3తో హెచ్చించాలి. ‘ఎ’ అంటే పొరలో అదే అమరిక మళ్లీ మొదలయ్యే దూరం, అంటే ఈ రెండోది.

‘సి’ కూడా అంతే, కాకపోతే పొరల మీదుగా పైకి కొలిచేది. రెండో పొర మొదటిదాని మీద సూటిగా కూర్చోదు, పక్కకు జరిగి ఉంటుంది. మూడోది మళ్లీ మొదటిదాని మీదికి వస్తుంది. అందుకే ‘సి’ పొరల మధ్య దూరానికి రెట్టింపు, సుమారు 6.71.

స్పేస్ గ్రూప్ (స్ఫటికం సౌష్ఠవాన్ని చెప్పే గుర్తు) పీ1 దగ్గరే, అంటే ఏ సౌష్ఠవమూ చెప్పకుండా ఉంచితే నాలుగు కార్బన్ల స్థానాలూ మీరే ఇవ్వాలి: (0, 0, 1/4), (0, 0, 3/4), (1/3, 2/3, 1/4), (2/3, 1/3, 3/4). ఇక్కడ 0.33 అని సరిపెట్టొద్దు, 0.33333 అని కొట్టండి. కోణాల్లో ఆల్ఫా, బీటా 90 డిగ్రీలు, గామా 120.

తర్వాత డిస్టెన్స్ టూల్‌తో మొదటి, మూడో కార్బన్ల మధ్య కొలవండి. 1.42 వస్తే సరే. 1.83 వచ్చిందా, గామాను 90 దగ్గరే వదిలేశారు. 0.82 వస్తే ‘ఎ’లో ఇంకా 1.42 ఉంది. వజ్రంలోనే 1.54 ఉండే కార్బన్లు 0.82కి ఎలా వస్తాయి!

ప్రశ్న: ఫోన్ బ్యాటరీలోనూ గ్రాఫైట్ ఉంటుందట. మా ఫోన్ వెనక మూత పైకి లేచింది. కారణం అదేనా?
– గాజువాక పాఠకుడు

కాదండీ. ఛార్జింగ్‌లో లిథియం పొరల మధ్య దూరినప్పుడు 3.35 కాస్తా సుమారు 3.7 అవుతుంది, దిగినప్పుడు మళ్లీ తగ్గుతుంది. అది రోజూ జరిగేదే, కంటికి కనిపించదు. మూత లేచిందంటే బ్యాటరీ లోపలి ఎలక్ట్రోలైట్ (రసాయన ద్రవం) చెడి గ్యాస్ పట్టినట్టు. ఇక ఛార్జింగ్ పెట్టకండి, నొక్కి మూయకండి, పిన్నుతో గుచ్చడం అసలే వద్దు. స్విచాఫ్ చేసి సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పించండి.