జైలుకు వెళ్లేటప్పుడు ఏ వస్తువులు?

ప్రశ్న: మా వదినను రిమాండ్‌పై విశాఖ సెంట్రల్ జైలుకు పంపుతున్నారు. ఇంటి నుంచి ఏమేం ఇవ్వొచ్చు?
– ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: శిక్ష పడని ఖైదీ సొంత బట్టలు, పక్కబట్టలు బయటి నుంచి తెప్పించుకోవచ్చని 1894 నాటి జైళ్ల చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. తనిఖీ మాత్రం తప్పదు. నూలువి నాలుగు జతలు ఇవ్వండి. మన తేమగాలికి వానాకాలంలో లంగా నడుంపట్టీ ఓ పట్టాన ఆరదు. పేరు దారంతో కుట్టండి, ఇంకు ఉతుకులో పోతుంది. ప్యాడ్ల ప్యాకెట్లు విప్పకండి. మందులైతే చీటీతో సహా జైలు డాక్టరుకు చేరాలి. అట్ట లేని విడి మాత్రలు పనికిరావు. బంగారం ఇంట్లోనే తీసేయించడం మేలు. ఒంటిమీద ఉండిపోతే రిజిస్టరులో ‘పసుపురంగు లోహం’ అని రాసినా కంగారుపడొద్దు, బరువు, సంఖ్య చూసుకున్నాకే సంతకం చేయమనండి. ఆరేళ్లలోపు బిడ్డ వెంట ఉంటే వాడి బట్టలు వేరే సంచిలో పెట్టండి.