ఖాళీ ప్యాకెట్ కూడా పంపాల్సిందే

ప్రశ్న: నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఫైళ్లను పంపుకోవడానికి వాడే సులువైన టీఎఫ్‌టీపీ ప్రోటోకాల్‌తో ఒక చిన్న ఫైల్ సర్వర్ రాశాను. 1000 బైట్ల ఫైలు చక్కగా వెళ్తోంది గానీ, సరిగ్గా 1024 బైట్ల ఫైలును పంపితే మాత్రం డేటా అంతా చేరినా క్లయింట్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. కారణం ఏమిటి?

జవాబు: లోపం ఫైలు ముగింపును తెలియజేసే చోట ఉంది. ఈ ప్రోటోకాల్‌ను నిర్వచిస్తూ 1992లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1350 అనే పత్రం ప్రకారం ఫైలు 512 బైట్ల బ్లాకులుగా వెళ్తుంది. అంతకంటే తక్కువ డేటా ఉన్న బ్లాకు అందితేనే ఫైలు అయిపోయిందని క్లయింట్ గ్రహిస్తుంది. 1000 బైట్ల ఫైలులో రెండో బ్లాకు 488 బైట్లే కనుక మీకు ఇబ్బంది రాలేదు. 1024 బైట్ల ఫైలులో రెండు బ్లాకులూ నిండుగా ఉంటాయి కాబట్టి, డేటా ఏమీ లేని మూడో బ్లాకును కూడా మీరు పంపాలి. అందులో ఉండేవి నాలుగు బైట్లే: 0, 3, 0, 3. మొదటి జత అది డేటా ప్యాకెట్ అని, రెండో జత అది మూడో బ్లాకు అని చెబుతాయి. దానికి 0, 4, 0, 3 అనే రసీదు తిరిగివస్తే పని పూర్తయినట్టు.

బహుశా మీ లూప్, ఫైలు నుంచి సున్నా బైట్లు చదవగానే ఏమీ పంపకుండా ఆగిపోతోంది. ముందు పంపి, రసీదు అందుకున్నాక, పంపిన డేటా 512 కంటే తక్కువైతేనే లూప్ నుంచి బయటికి వచ్చేలా మార్చండి. పూర్తిగా ఖాళీగా ఉన్న ఫైలుతోనూ పరీక్షించండి. దానికి కూడా ఒక ఖాళీ బ్లాకు వెళ్లాలి.

ఈ ప్రోటోకాల్, ప్యాకెట్లు చేరతాయని హామీ ఇవ్వని యూడీపీ మీద నడుస్తుంది కనుక ప్యాకెట్లు దారిలో పోవచ్చు, ఆలస్యం కావచ్చు. గడువులోగా రసీదు రాకపోతే అదే బ్లాకును మళ్లీ పంపాలి. అయితే పాత రసీదు రెండోసారి వచ్చినప్పుడు మాత్రం దానికి స్పందించి డేటా పంపకూడదు. అలా పంపితే ఒక్క ప్యాకెట్ ఆలస్యమైనందుకు ఆ తర్వాతి బ్లాకులన్నీ రెండేసిసార్లు వెళ్తాయి. తొలినాటి నిర్వచనంలో నిజంగానే ఉండి, తర్వాత సవరించిన ఈ లోపాన్ని మీరు స్వయంగా ఒకసారి సృష్టించి, నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్‌లో చూడమని నా సలహా.

టీఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏర్పాటే లేదు కనుక ఎవరైనా ఏ ఫైలునైనా అడగవచ్చు. అందువల్ల క్లయింట్ పంపిన ఫైలు పేరులో రెండు చుక్కలతో పై ఫోల్డరుకు వెళ్లే దారి ఉంటే, ఫైలు తెరవకముందే ఎర్రర్ ప్యాకెట్‌తో తిరస్కరించండి.